ఈ-సిగరెట్ల నిషేధం - ధూమపానం మానినవారికి మిగిలిన మార్గాలు

(ప్రత్యేక వ్యాసం)

దేశవ్యాప్తంగా ఈ-సిగరెట్ల ఉత్పత్తి, దిగుమతి, అమ్మకం, ప్రచారం 2019 సెప్టెంబరు 18 నుండి నిషిద్ధమైన విషయం విదితమే. పొగాకు రుచి ఎరుగని విద్యార్థులు, యువకులు నికొటిన్ వ్యసనంలో చిక్కుకోకుండా నివారించడం ఈ నిషేధంలోని ప్రధానోద్దేశం. అయితే ఈ చట్టం పరిధిలోకి మరొక వర్గం కూడా వస్తుంది. ఏళ్ల తరబడి సిగరెట్లు కాల్చి, ఈ-సిగరెట్ సహాయంతో ఆ అలవాటును వదిలించుకున్నవారే ఆ వర్గం. వీరి సంఖ్య స్వల్పమే అయినప్పటికీ వీరి సమస్య స్వల్పమైనది కాదు. చేతిలోని పరికరానికి సరఫరా ఆగిపోయినప్పుడు వీరు పూర్తిగా నికొటిన్ నుండి విముక్తులు కావచ్చు, లేదా వీధి చివరి దుకాణంలో చట్టబద్ధంగానే లభించే సిగరెట్ వైపు తిరిగి వెళ్లనూవచ్చు. ఈ రెండింటిలో ఏది జరుగుతుందన్నది వారికి సకాలంలో అందే సహాయంపై ఆధారపడి ఉంటుంది. చట్టంలోని నిబంధనలను, వాటి ప్రభావాన్ని, అందుబాటులో ఉన్న ప్రత్యామ్నాయాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ-సిగరెట్ అంటే...

సిగరెట్, బీడీ, చుట్టలలో పొగాకు ఆకు కాలి పొగ వెలువడుతుంది. ఆ పొగలో సుమారు 7,000 రసాయనాలు ఉంటాయనీ, వాటిలో 70 వరకు క్యాన్సర్ కారకాలనీ వైద్య శాస్త్రం నిర్ధారించింది. ఈ-సిగరెట్‌లో ఏదీ కాలదు. బ్యాటరీతో వేడెక్కే చిన్న తీగచుట్ట ఒక ద్రవాన్ని ఆవిరివంటి సన్నని తుంపరగా మారుస్తుంది. ఆ తుంపరను వినియోగదారుడు పీలుస్తాడు. ద్రవంలో సాధారణంగా నికొటిన్, ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, రుచికోసం కలిపే పదార్థాలు ఉంటాయి. చైనాకు చెందిన ఫార్మసిస్టు హాన్ లిక్ 2003లో రూపొందించిన నమూనా నేటి ఈ-సిగరెట్లకు మూలంగా పరిగణింపబడుతున్నది.

కాలడం లేదు కనుక తారు, కార్బన్ మోనాక్సైడ్ శరీరంలోకి చేరవు. ఈ కారణంగానే కొన్ని దేశాలు దీనిని సిగరెట్ కంటే తక్కువ హానికరమైనదిగా భావిస్తున్నాయి. అయితే తక్కువ హాని అన్న మాటకు హాని లేదని అర్థం కాదు. నికొటిన్ తీవ్రమైన వ్యసనకారి. ఎదిగే వయసులోని మెదడుపై దాని ప్రభావం ప్రతికూలంగా ఉంటుంది. గర్భస్థ శిశువుకు అది హానికరం. వేడికి మారే రసాయనాలను పదుల సంవత్సరాలపాటు పీల్చినందువల్ల కలిగే ఫలితాలను అంచనా వేయడానికి తగినంత కాలం ఇంకా గడవలేదు.

నిషేధం వచ్చిన క్రమం

కేంద్ర చట్టం రాకముందే పంజాబ్, కర్ణాటక, కేరళ, బీహార్ తదితర రాష్ట్రాలు తమ పరిధిలో ఈ-సిగరెట్లపై ఆంక్షలు విధించాయి. 2018 ఆగస్టు 28న కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ మంత్రిత్వ శాఖ, వీటి అమ్మకాన్నీ ప్రచారాన్నీ అనుమతించరాదని సూచిస్తూ అన్ని రాష్ట్రాలకు సలహాపత్రం పంపింది. 2019 మే 31న, ప్రపంచ పొగాకు వ్యతిరేక దినం నాడు, భారత వైద్య పరిశోధన మండలి శ్వేతపత్రం వెలువరించి సంపూర్ణ నిషేధాన్ని సిఫారసు చేసింది.

2019 సెప్టెంబరు 18న కేంద్ర మంత్రివర్గం ఆర్డినెన్సును ఆమోదించింది. ఈ నిర్ణయాన్ని కేంద్ర ఆర్థిక మంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ పాత్రికేయులకు వెల్లడించారు. అమెరికాలో ఉన్నత పాఠశాల విద్యార్థులలో ఈ-సిగరెట్ల వాడకం 2017లో 11.7 శాతం ఉండగా 2018లో 20.8 శాతానికి, 2019లో 27.5 శాతానికి పెరిగినట్లు అక్కడి జాతీయ సర్వేలు తెలిపాయి. ఈ అనుభవం భారతదేశ నిర్ణయాన్ని ప్రభావితం చేసిన అంశాలలో ముఖ్యమైనది.

ఆర్డినెన్సు స్థానంలో ప్రవేశపెట్టిన బిల్లును లోక్‌సభ 2019 నవంబరు 27న, రాజ్యసభ డిసెంబరు 2న ఆమోదించాయి. డిసెంబరు 5న రాష్ట్రపతి ఆమోదముద్రతో అది 2019వ సంవత్సరపు 42వ చట్టంగా రూపుదాల్చింది. సిగరెట్లను అమ్మనిస్తూ ఈ-సిగరెట్లను మాత్రమే నిషేధించడంలోని ఔచిత్యాన్ని ఉభయ సభలలోనూ కొందరు సభ్యులు ప్రశ్నించారు. ఒక ఉత్పత్తి సమాజంలో వేళ్లూనుకొని కోట్లాది వినియోగదారులను సంపాదించుకున్న తరువాత దానిని నిషేధించడం మిక్కిలి కష్టమనీ, అందువల్ల మొలక దశలోనే అరికట్టదలచామనీ అప్పటి కేంద్ర ఆరోగ్య మంత్రి డాక్టర్ హర్షవర్ధన్ వాదన సారాంశం.

చట్టంలోని ముఖ్యాంశాలు

చట్టంలోని నిర్వచనం విస్తృతమైనది. నికొటిన్ ఉన్నా లేకున్నా, రుచులు కలిపినా కలపకున్నా, ఒక పదార్థాన్ని వేడిచేసి పీల్చడానికి అనువైన తుంపరగా మార్చే ప్రతి ఎలక్ట్రానిక్ పరికరమూ ఈ-సిగరెట్ కిందికే వస్తుంది. కాల్చకుండా పొగాకును వేడిచేసే పరికరాలు, ఈ-హుక్కాలు కూడా ఇందులో చేరి ఉన్నాయి. కనుక "ఇందులో నికొటిన్ లేదు", "ఇది మూలికలతో చేసినది" అన్న విక్రేతల మాటలు చట్టం ముందు నిలువవు. 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం కింద లైసెన్సు పొందిన ఉత్పత్తులకు మాత్రం నిర్వచనం నుండి మినహాయింపు ఉంది. పొగ మానదలచినవారికి ఈ మినహాయింపే కీలకమైనది. దీని ప్రయోజనం ముందు పేరాలలో వివరించబడినది.

ఉత్పత్తి, తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, ప్రచారం నాల్గవ సెక్షను కింద నిషిద్ధం. ఆన్‌లైన్ అమ్మకాలకూ ఇది వర్తిస్తుంది. మొదటిసారి ఉల్లంఘించినవారికి ఒక సంవత్సరం వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. నేరం పునరావృతమైతే మూడు సంవత్సరాల వరకు జైలు, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా ఉంటాయి. ఐదవ సెక్షను నిల్వలకు సంబంధించినది. ఒక స్థలానికి యజమానిగాని, దానిని వాడుకొనే వ్యక్తిగాని ఈ-సిగరెట్ల సరుకు నిల్వకు తెలిసి దానిని వినియోగించనీయరాదు. దీనిని ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు లేదా 50,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. సబ్-ఇన్‌స్పెక్టరు స్థాయికి తగ్గని పోలీసు అధికారికి, ప్రభుత్వం అధికారమిచ్చిన తత్సమాన స్థాయి అధికారులకు వారంటు లేకుండానే ప్రవేశించి, సోదా చేసి, సరుకును స్వాధీనం చేసుకొనే అధికారం ఆరవ సెక్షను కల్పిస్తున్నది.

వినియోగదారుని పరిస్థితి

చట్టంలో తరచు సందేహాలకు తావిస్తున్న అంశం ఇది. ఉత్పత్తి మొదలు ప్రచారం వరకు ఒక్కొక్క కార్యకలాపాన్ని పేర్కొన్న నాల్గవ సెక్షనులో "వినియోగం" అన్న మాట లేదు. ఈ-సిగరెట్‌ను పీల్చడాన్ని ప్రత్యేక నేరంగా పరిగణించి శిక్ష నిర్దేశించిన నిబంధన చట్టంలో కానరాదు. తయారీదారు, దిగుమతిదారు, వ్యాపారి, ప్రచారకర్తలే చట్టానికి ప్రధాన లక్ష్యాలని దీనివల్ల స్పష్టమవుతున్నది.

అయినప్పటికీ వినియోగదారునికి పూర్తి రక్షణ ఉన్నదని భావించరాదు. ఈ-సిగరెట్లను ఏ రూపంలోగాని, ఏ పరిమాణంలోగాని కలిగియుండడం చట్ట ఉల్లంఘన కిందికే వస్తుందని కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2023లో తన అభిప్రాయాన్ని వెల్లడించింది. అదే సంవత్సరం ఉల్లంఘనలపై ప్రజలు ఫిర్యాదు చేయడానికి ప్రత్యేక పోర్టల్ ప్రారంభమైనది. ఆన్‌లైన్‌లో ఈ-సిగరెట్లు అమ్ముతున్న 15 వెబ్‌సైట్లకు నోటీసులు జారీ అయినవి.

విదేశాల నుండి వచ్చేవారు మరింత జాగ్రత్త వహించవలసి ఉన్నది. బ్రిటన్, అమెరికా వంటి దేశాలలో ఈ-సిగరెట్లు బహిరంగంగా అమ్ముడవుతాయి. అక్కడ చదువుకొంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువారు స్వస్థలాలకు వచ్చేటప్పుడు తమతో తెచ్చుకొనే పరికరం కూడా దిగుమతి నిషేధం పరిధిలోనికే వస్తుంది. సొంత వాడకానికేనన్న కారణం చూపినంత మాత్రాన దానికి చట్టంలో మినహాయింపు లేదు. ప్రయాణానికి ముందే ఈ సంగతిని కుటుంబ సభ్యులు వారికి తెలియజేయడం మంచిది.

పొగ మానినవారికి ఎదురయ్యే చిక్కు

2016-17లో నిర్వహించిన వయోజనుల పొగాకు వినియోగ సర్వే ప్రకారం దేశంలో 15 ఏళ్లు పైబడినవారిలో 28.6 శాతం, అంటే సుమారు 26 కోట్ల 70 లక్షల మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. వీరిలో పొగ తాగేవారు సుమారు 10 కోట్ల మంది. ఈ-సిగరెట్ వాడేవారు వయోజనులలో కేవలం 0.02 శాతంగా ఆ సర్వే గుర్తించింది. లెక్కగడితే ఇది రెండు లక్షల మందికి అటూ ఇటూగా ఉంటుంది. వారిలోనూ సిగరెట్ పూర్తిగా మానడానికి దీనిని ఆశ్రయించినవారు ఒక భాగం మాత్రమే.

ఈ భాగానికి చెందినవారి వాదనకు కొంత శాస్త్రీయ ఆధారం లేకపోలేదు. బ్రిటన్‌లో ప్రభుత్వ ధూమపాన విరమణ కేంద్రాలకు వచ్చిన 886 మందిపై జరిపిన అధ్యయనం 2019లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురితమైనది. ఒక సంవత్సరం తరువాత పరిశీలించగా, ఈ-సిగరెట్ ఇచ్చినవారిలో 18 శాతం, నికొటిన్ గమ్, ప్యాచ్ వంటివి ఇచ్చినవారిలో 9.9 శాతం సిగరెట్‌కు దూరంగా ఉన్నట్లు తేలింది. ఇరు వర్గాలకూ కౌన్సెలింగ్ తోడుగా ఉన్నదన్నది గమనార్హం. నికొటిన్ గల ఈ-సిగరెట్లు సాధారణ నికొటిన్ చికిత్స కంటే ఎక్కువ మందిని సిగరెట్ మానిపించగలవని కొక్రేన్ సంస్థ సమీక్షలు కూడా పేర్కొన్నాయి.

అదే అధ్యయనంలో మరొక అంశమూ ఉన్నది. ఈ-సిగరెట్‌తో సిగరెట్ మానినవారిలో 80 శాతం మంది సంవత్సరం గడిచినా ఆ పరికరాన్ని వాడుతూనే ఉన్నారు. గమ్, ప్యాచ్‌లతో మానినవారిలో ఆ చికిత్సను ఇంకా కొనసాగిస్తున్నవారు 9 శాతం మాత్రమే. అనగా మొదటి వర్గంలో పలువురు పొగను వదిలినా నికొటిన్‌ను వదలలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో స్పందిస్తూ, వినియోగ వస్తువులుగా అమ్ముడయ్యే ఈ-సిగరెట్లు ప్రజల స్థాయిలో పొగాకు మానిపించగలవని రుజువు కాలేదనీ, పిల్లలపై వాటి దుష్ప్రభావం ఆందోళనకరమనీ పేర్కొన్నది.

ఈ రెండు సత్యాలనూ కలిపి చూసినప్పుడు సమస్య స్వరూపం బోధపడుతుంది. ఈ-సిగరెట్‌తో పొగ మానిన వ్యక్తి శరీరంలో నికొటిన్ అవసరం ఇంకా సజీవంగానే ఉంటుంది. సరఫరా నిలిచిన మొదటి వారాలలో చిరాకు, నిద్రలేమి, ఏకాగ్రత లోపించడం, ఆకలి పెరగడం, దిగులు వంటి లక్షణాలు తలెత్తుతాయి. తొలి రోజులలో ఇవి తీవ్రంగా ఉండి, సాధారణంగా రెండు నుండి నాలుగు వారాలలో తగ్గుముఖం పడతాయి. ఈ స్వల్ప వ్యవధిలోనే ఆ వ్యక్తికి మూడు దారులు కనిపిస్తాయి. మొదటిది, మళ్లీ సిగరెట్ ముట్టించడం. ఇది పెనం మీది నుండి పొయ్యిలో పడిన చందమే అవుతుంది. రెండవది, చాటుమాటుగా దొరికే పరికరాన్ని కొనడం. మూడవది, వైద్య సహాయంతో నికొటిన్‌ను కూడా వదిలివేయడం. మూడవ దారి ఉన్నదని తెలియకపోవడమే చాలామందిని మొదటి రెండింటి వైపు నెడుతున్నది.

రెండవ దారిలోని ప్రమాదాన్ని ప్రత్యేకంగా పేర్కొనవలసి ఉన్నది. దొంగచాటు సరుకులో ఎంత నికొటిన్ ఉన్నదో, మరేమి కలిపారో తనిఖీ చేసే వ్యవస్థ ఉండదు. అమెరికాలో 2019లో ఈ-సిగరెట్ వినియోగదారులలో తలెత్తిన తీవ్ర శ్వాసకోశ వ్యాధితో 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రుల పాలు కాగా 68 మంది మరణించారు. గంజాయి సారం గల ద్రవాలలో కలిపిన విటమిన్-ఈ ఎసిటేట్ దీనికి ప్రధానంగా కారణమని అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ తేల్చింది. ఆ సరుకులో అధిక భాగం అనధికార మార్గాలలో సేకరించినదే కావడం గమనించదగినది.

ఇతర దేశాల అనుభవం

నియంత్రణ పద్ధతులు దేశాన్ని బట్టి మారుతున్నాయి. బ్రిటన్ 2016 నిబంధనల ద్వారా ద్రవంలో నికొటిన్‌ను మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములకు పరిమితం చేసి అమ్మకాన్ని అనుమతించింది. పది లక్షల మంది పొగరాయుళ్లకు ఈ-సిగరెట్ అందించి సిగరెట్ మానిపించే పథకాన్ని 2023లో ప్రకటించింది. అయితే పిల్లలలో వాడకం పెరగడంతో, ఒకసారి వాడి పారవేసే ఈ-సిగరెట్ల అమ్మకాన్ని 2025 జూన్ 1 నుండి నిషేధించింది.

ఆస్ట్రేలియా మధ్యేమార్గం ఎంచుకొన్నది. 2024 జూలై 1 నుండి అక్కడ ఈ-సిగరెట్లు మందుల దుకాణాలలో మాత్రమే లభిస్తున్నాయి. 2024 అక్టోబరు 1 నుండి వయోజనులు ఫార్మసిస్టుతో మాట్లాడిన మీదట, నిర్ణీత పరిమితికి లోబడిన నికొటిన్ ఉత్పత్తులను వైద్యుని చీటీ లేకుండా పొందవచ్చు. ఇందుకు భిన్నంగా సింగపూర్ 2018 ఫిబ్రవరి 1 నుండి కొనుగోలును, వినియోగాన్ని, కలిగియుండడాన్ని కూడా శిక్షార్హం చేసింది.

అనుమతించిన దేశాలు పిల్లలను కాపాడడానికి తంటాలు పడుతుండగా, నిషేధించిన దేశాలు దొంగ వ్యాపారంతో పోరాడవలసి వస్తున్నది. పది కోట్ల మంది పొగ తాగేవారు, అంతకు ఎన్నో రెట్లు యువజనులు ఉన్న భారతదేశం, కొత్త వ్యసనాన్ని అడ్డుకోవడానికే ప్రాధాన్యమిచ్చింది. ఈ ప్రాధాన్యం సఫలం కావాలంటే మానదలచినవారికి చట్టబద్ధమైన చికిత్స సులభంగా చేరవలసి ఉన్నది.

తెలుగు రాష్ట్రాలలో స్థితి

పై సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వయోజనులలో 20 శాతం, తెలంగాణ ప్రాంతంలో 17.8 శాతం మంది పొగాకు వాడుతున్నారు. వీరిలో నగరవాసి యువకుని చేతిలోని సిగరెట్ ఒక్కటే కాదు, బీడీ, చుట్ట, ఖైనీ, గుట్కా కూడా ఉన్నాయి. ఉత్తర కోస్తాలోని శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాలలో మహిళలు చుట్ట నిప్పును నోటిలోపలికి ఉంచి పీల్చే అడ్డపొగ అలవాటు, దానివల్ల అంగిలికి కలిగే క్యాన్సర్ వైద్యులకు చిరకాలంగా తెలిసినవే. వీరిలో ఎవరికీ ఈ-సిగరెట్ ఎన్నడూ ప్రత్యామ్నాయం కాలేదు. ఖరీదైన ఆ పరికరం ప్రధానంగా నగరాలలోని విద్యావంతులకే పరిమితమైనది. అందువల్ల పొగాకు మానిపించే సేవలను బలపరచడం వల్ల ఈ-సిగరెట్ వదిలిన నగరవాసికి ఎంత మేలు జరుగుతుందో, అడ్డపొగ మానదలచిన పల్లెటూరి వృద్ధురాలికీ అంతే మేలు జరుగుతుంది.

మానాలన్న కోరిక ప్రజలలో కొరవడలేదు. దేశంలో పొగ తాగేవారిలో 55.4 శాతం మంది మానాలని ఆలోచిస్తున్నట్లు, 38.5 శాతం మంది అంతకు ముందటి సంవత్సర కాలంలో ప్రయత్నించినట్లు సర్వే తెలిపింది. ప్రయత్నించినవారిలో అత్యధికులు ఏ సహాయమూ లేకుండా ఒంటరిగానే పోరాడారు.

చట్టబద్ధంగా లభించే సహాయం

ఔషధ చట్టం కింద లైసెన్సు పొందిన ఉత్పత్తులకు ఈ-సిగరెట్ల నిషేధం వర్తించదని పైన పేర్కొనడమైనది. పొగ మానినవారు, మానదలచినవారు ఉపయోగించుకొనదగిన మార్గాలు ఈ క్రింది విధంగా ఉన్నాయి.

1. జాతీయ పొగాకు విరమణ సహాయ కేంద్రం: 1800-11-2356 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. 2016లో ఢిల్లీలోని వల్లభ్‌భాయ్ పటేల్ చెస్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ప్రారంభమైన ఈ సేవ, 2018లో బెంగళూరు, ముంబయి, గువాహటి కేంద్రాలకు విస్తరించింది. తెలుగులో మాట్లాడే కౌన్సెలర్లు కూడా అందుబాటులో ఉన్నారు. 2018 సెప్టెంబరు 1 నుండి ఈ నంబరు పొగాకు ఉత్పత్తుల పెట్టెలపైనే ముద్రితమవుతున్నది. ఈ-సిగరెట్ వాడుతున్నవారు కూడా సంకోచం లేకుండా ఈ సేవను వినియోగించుకోవచ్చు.

2. మొబైల్ సందేశాల సేవ: 011-22901701 నంబరుకు మిస్‌డ్ కాల్ ఇచ్చి నమోదైనవారికి విరమణకు తోడ్పడే సందేశాలు అందించే పథకాన్ని కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ రూపొందించింది.

3. నికొటిన్ ప్రత్యామ్నాయ చికిత్స: నికొటిన్ గమ్, చప్పరించే బిళ్ల, చర్మంపై అంటించే ప్యాచ్ ఇందులో చేరతాయి. ఇవి పొగ లేకుండా కొద్ది మోతాదులో నికొటిన్‌ను అందించి, వారాల క్రమంలో దానిని తగ్గిస్తూ పోవడానికి తోడ్పడతాయి. 2022 జాతీయ అత్యవసర ఔషధాల జాబితాలో నికొటిన్ ప్రత్యామ్నాయ చికిత్సకు స్థానం లభించింది. గమ్‌ను చూయింగ్ గమ్ వలె ఎడతెగక నమలరాదు. ఘాటు తెలిసే వరకు నిదానంగా నమిలి, చెంపకు చిగురుకు మధ్య ఉంచి, ఘాటు తగ్గిన పిదప మళ్లీ నమలాలి. నమలడానికి పావుగంట ముందు నుండి కాఫీ, శీతల పానీయాలు తీసుకొనరాదు. ఈ పద్ధతి తెలియక, "గమ్ పనిచేయలేదు" అని విడిచిపెట్టేవారు ఉన్నారు. సరైన మోతాదును వైద్యుడు లేదా ఫార్మసిస్టు నిర్ణయించవలసి ఉంటుంది.

4. మాత్రలు: బుప్రోపియాన్, వారెనిక్లిన్ మాత్రలను వైద్యుని పర్యవేక్షణలో వాడవలసి ఉంటుంది. మూర్ఛ వ్యాధి గలవారికి బుప్రోపియాన్ తగదు. 2024 జూలైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన పొగాకు విరమణ చికిత్సా మార్గదర్శకాలు నికొటిన్ ప్రత్యామ్నాయ చికిత్సను, ఈ రెండు ఔషధాలను, సిటిసిన్‌ను సిఫారసు చేశాయి. మందుకు కౌన్సెలింగ్ తోడైతేనే ఉత్తమ ఫలితాలు వస్తాయని ఆ మార్గదర్శకాలు స్పష్టం చేశాయి.

5. జిల్లా స్థాయి సేవలు: 2007-08లో ప్రారంభమైన జాతీయ పొగాకు నియంత్రణ కార్యక్రమంలో జిల్లా విభాగాలకు చట్టం అమలుతో పాటు విరమణ సేవల బాధ్యత కూడా అప్పగించడం జరిగింది.

అమలు అధికారులు గుర్తుంచుకొనదగినవి

తనిఖీలలో పట్టుబడిన సరుకు ఎంత అన్నది ఎంత ముఖ్యమో, అది ఎక్కడి నుండి వచ్చినదన్నది అంతే ముఖ్యం. సరఫరా గొలుసును ఛేదించడమే చట్టం ఆశయం. విద్యాసంస్థల పరిసరాలు, కొరియర్ ద్వారా వచ్చే పొట్లాలు, సామాజిక మాధ్యమాలలోని రహస్య ప్రకటనలు ప్రత్యేక దృష్టికి అర్హమైనవి. పరికరాలు పెన్ను, పెన్‌డ్రైవ్, బొమ్మల ఆకారాలలో ఉండవచ్చు.

విచారణ సమయంలో ఒక వ్యక్తి తాను సిగరెట్ మానడానికే దీనిని వాడుతున్నానని చెబితే, చట్ట ప్రకారం తీసుకొనవలసిన చర్య తీసుకొంటూనే, సహాయ కేంద్రం నంబరును అతనికి అందజేయడం ఉచితం. విద్యార్థి విషయంలో ఇది మరింత అవసరం. భయం వల్ల అలవాటు చాటుకు వెళుతుందే తప్ప సమసిపోదు. ప్రభుత్వ ఆసుపత్రులలో రోగి పొగాకు అలవాటును గురించి విచారించే వైద్యులు, సిబ్బంది ఈ-సిగరెట్ వాడకాన్ని గురించి కూడా ప్రత్యేకంగా అడగడం మంచిది. పొగ మానేశానని చెప్పే వ్యక్తి నికొటిన్ పీలుస్తూనే ఉండవచ్చు. అడిగితేనే అది బయటపడుతుంది. అప్పుడే తగిన చికిత్సకు వీలు కలుగుతుంది.

పాత్రికేయులకు మనవి

ఈ అంశంపై వార్తలు రాసేటప్పుడు మూడు విషయాలలో స్పష్టత పాటించడం ప్రజలకు మేలు చేస్తుంది. ఈ-సిగరెట్ సురక్షితమని చెప్పడం ఎంత పొరపాటో, అది సిగరెట్‌తో సమానమైన లేదా అంతకు మించిన హాని చేస్తుందని చెప్పడం కూడా అంతే పొరపాటు. రెండవ మాటను నమ్మి, మానిన సిగరెట్‌ను తిరిగి అందుకొన్నవారికి జరిగే నష్టం తీవ్రమైనది. పొగ మానిన సంవత్సరానికి గుండెపోటు అదనపు ముప్పు సుమారు సగానికి తగ్గుతుంది, పది సంవత్సరాలకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు సుమారు సగమవుతుంది. మళ్లీ ముట్టించిన సిగరెట్‌తో ఈ లాభమంతా చేజారిపోతుంది. ఇక సిగరెట్, ఈ-సిగరెట్ రెండూ కలిపి వాడేవారికి ఆశించిన ప్రయోజనం చేకూరదన్నది రెండవ విషయం. సరుకు స్వాధీనం వార్తతో పాటు 1800-11-2356 నంబరును ప్రచురించడం మూడవది. ఒక్క పంక్తి స్థలం ఒక పాఠకునికి దారి చూపగలదు.

చట్టం, సహాయం - రెండూ కావాలి

నిషేధం ఒక ద్వారాన్ని మూసింది. బడి పిల్లల వైపు తెరచుకొని ఉన్న ఆ ద్వారాన్ని మూయడం అవసరమని పార్లమెంటు నిర్ణయించింది. అదే ద్వారం గుండా సిగరెట్ నుండి బయటపడిన కొద్దిమందికి మరొక ద్వారం తెరచి చూపడం ఆరోగ్య యంత్రాంగం కర్తవ్యం. ఆ ద్వారం చట్టంలోనే ఉన్నది, మందుల జాబితాలో ఉన్నది, ఉచిత ఫోన్ నంబరు రూపంలో సిగరెట్ పెట్టెపైనే ఉన్నది. ఆ సంగతిని అవసరమైన వ్యక్తికి, అవసరమైన వారంలో చెప్పగలగాలి.

పొగ మానడానికి ఒకసారి గట్టి పట్టుదల చూపిన వ్యక్తి, నికొటిన్‌ను వదలడానికీ అదే పట్టుదలను చూపగలడు. అందుకు కావలసిన తోడ్పాటును వైద్యులు, అధికారులు, పాత్రికేయులు, కుటుంబ సభ్యులు అందించిననాడు నిషేధం ఉద్దేశం సంపూర్ణంగా నెరవేరుతుంది.